దొరకొలనులో సాక్షమ్మ తల్లి

"తట్టెత్తవే చెల్లి, గట్టెక్కవే చెల్లి, మట్టి నడుమ తల్లి..." ఆ పైన ఏముందో, చిన్ననాడు పాడినవాళ్లకు కూడా ఇప్పుడు నోటికి రావడం లేదు. ఆ పాట ఈ దొరకొలను తవ్వేనాడు పుట్టింది. దొరగారి మేడ, మేడ ముందు పచ్చిక వాలు, వాలు కింద కొలను, కొలను నడుమ దిబ్బ. దిబ్బ మీద సాక్షమ్మ తల్లి. భక్తులు పడవలో వెళ్లి దర్శించుకుంటారు.

పూర్వం ఇక్కడ ఉన్నది రేగడి చేను. మేడ కట్టించిన ఇంగ్లీషు దొర, తన దేశంలో తాతల ఇంటి ముందున్నట్టే నీళ్లు పరుచుకోవాలని, ఎదుటి కొండ వాటిలో తలకిందులుగా కనిపించాలని ముచ్చటపడ్డాడు. మట్టిపని చేసే ఒడ్డెరల జట్టును పిలిపించాడు. జట్టుకు పెద్ద వల్లెపు ఓబుళమ్మ. ఎంత లోతు తవ్విందీ తెలియడానికి వాళ్లు నడుమ ఒక దిబ్బను వదిలేస్తారు. దాన్ని సాక్షి అంటారు. పని పెట్టినవాడు తన చేత్తో కొలిచేదాకా సాక్షిని నరకరాదు.

ఆ సాక్షి మీదే ఓబుళమ్మ గడ్డపారకు రాయి తగిలింది. మన్ను తుడిస్తే అమ్మవారు. "నా పాదాలు తడిస్తే కట్ట నిలవదు" అని ఆ తల్లే ఓబుళమ్మకు కలలో చెప్పింది. తవ్విన మట్టితో పోసిన ఆ కట్ట కింది గుడిసెలో ఓబుళమ్మ కూతురు పచ్చి బాలింత.

ఓబుళమ్మ మేడకు వెళ్లి, దొరను వచ్చి కొలవమని అడిగింది. దొరగారు బురదలో దిగుతారా అని దొర దగ్గరి దుబాసీ నవ్వాడు. మేడకు విందుకొచ్చిన చుట్టాలకు కొలను నిండుగా కనిపించాలని దొర కొలనులోకి నీళ్లు తెచ్చే కాలువ పూర్తిగా వదిలించాడు. పనివాళ్లు పారిపోతారని దుబాసీ గుడిసెలకు కాపలా పెట్టాడు. ఓబుళమ్మ నడిచి వెళ్లి దిబ్బ మీద నిలబడింది. నీళ్లు అమ్మ పాదాలను ముంచాయి, ఓబుళమ్మ మోకాళ్లకు వచ్చాయి. దుబాసీ గట్టు మీద నుంచి తిడుతూనే ఉన్నాడు.

"దొరా, కట్ట కింద నా బిడ్డ ఉంది. నువ్వొచ్చి కొలువు. సరిగ్గా ఉందంటే ఈ దిబ్బను నేనే నరుకుతాను."

చుట్టాలందరూ చూస్తున్నారు. దొర ముఖం ఎర్రబడింది. పడవ ఎక్కి వచ్చి, కొలిచే కోల తీసుకుని నీళ్లలో దిగి వంగాడు. మేడ మీద నుంచి చదునుగా కనిపించిన కట్ట, నీటి మట్టానికి కళ్లు ఆనిస్తే నడుమ జానెడు కుంగి ఉంది. కుంగిన చోట మన్ను జారుతోంది. దొర చేతులూపి కాలువ మూయించాడు, నీళ్లు బయటికి పోయేలా అలుగు కోయించాడు. కాపలావాళ్లను నెట్టుకుంటూ తానే గుడిసెల దగ్గరికి పరుగెత్తాడు. బాలింతను మంచంతో సహా మేడలోకి మోయించాడు. తెల్లవారేసరికి నీళ్లు అమ్మ పాదాల కిందికి దిగాయి. కట్ట నిలిచింది.

నేటికీ ఏటా కొలను నింపేటప్పుడు ఓబుళమ్మ వంశపు పెద్దావిడ కోల పట్టుకుని అమ్మ పక్కన నిలుస్తుంది. ఆమె చెయ్యెత్తితే కాలువ మూయవలసిందే, ఎందుకని అడగరు. ఇక్కడ మొక్కుకుంటే తల్లీ బిడ్డా చల్లగా ఉంటారని నమ్మకం.

దొర తన దేశానికి పోయేనాడు గట్టున ఆగి, ఓబుళమ్మతో ఆఖరుగా అన్న మాట ఇది: "నా తరువాత వచ్చేవాడికి చెప్పి లాభం లేదమ్మా. కోల చేతికిచ్చి, వంగి చూడమను."