రెండో తాళంచెవి

"కొట్టుకి రెండు తాళాలంట, కొంగున ఒకటంట..." ఆ తర్వాతి పాదం గుర్తుకు రావడం లేదు. నా చిన్నప్పుడు ధాన్యం కొలిచే పోలమ్మ పాడేది.

కరువొస్తే పంచడానికి ధాన్యం దాచే మా ఊరి కరువుకొట్టుకి రెండు తాళాలు. ఒక తాళంచెవి పెత్తందారు జగ్గప్ప దగ్గర, రెండోది పోలమ్మ దగ్గర. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకునేది. "నా ఒక్కడి మాట చాలదా?" అని జగ్గప్ప రెండోదీ లాక్కున్నాడు. ఏడాది తిరిగేసరికి నలభై బస్తాలు తగ్గాయి.

ఊరిని పోగేసి అన్నాడు గదా, "ఎలుకలు తినేశాయి. కొట్టు ఊడ్చేది పోలమ్మ, తప్పు దానిదే. దాని ఆవుని తోలుకురండి."

ఆ ఆవు పాలతోనే ఆమె బతుకు. అయినా పోలమ్మ నింపాదిగా అంది.

"తోలుకుపోండి బాబూ. ఆ తాళంచెవి ఇరవయ్యేళ్ళు నా కొంగున ఉంది, ఒక్క ఎలుకా రాలేదు. మీ మొలతాడుకెక్కిన ఏడాదే అన్నీ వచ్చాయి. వాటికి పిల్లికన్నా అది నా కొంగున ఉంటేనే భయంలా ఉంది. నాకిచ్చి చూడండి."

ఊరంతా జగ్గప్ప మొలవైపే చూసింది. తాళంచెవి విప్పక తప్పలేదు. మర్నాటికి నలభై బస్తాలూ కొట్టులోకి తిరిగొచ్చాయి. ఎలుకలే మోసుకొచ్చాయట, పాపం.

పోలమ్మ మంచం పట్టాక చూడబోయి, "నీ అంత నమ్మకస్తులు ఇంకెవరున్నారు అత్తా?" అన్నాను.

"నన్ను నమ్మబట్టి కాదే, ఇద్దరం ఉండబట్టి నిలిచింది ఆ కొట్టు. నా ఒక్కదానికే వదిలేసుంటే, నేనూ ఎలుకనయ్యేదాన్ని."