చక్కని పెంటకుప్ప

అనగనగా ఒక అడవి. ఆ అడవి లోపలి పులుల కథలు మీరు బోలెడు విన్నారు. ఈ కథ అంత లోపలికి పోదు. అడవి అంచున తౌడమ్మ అనే ఆవిడ వేసుకున్న పశువుల పాక దగ్గరే ఆగిపోతుంది.

ఆ పాకలో సింగారి అనే గేదె ఉండేది. దానికి మూడు నెలల దూడ. తోడుగా గడ్డం ఉన్న ఒక మేకపోతు. ఇంకా చుక్కల పెట్ట అనే కోడి, దాని తొమ్మిది పిల్లలు.

తెల్లవారితే చుక్కల పెట్టకు ఒకటే పని. పాక వెనకున్న పెంటకుప్ప ఎక్కి రెండు కాళ్ళతో బరబరా కెలకడం. పేడ చెల్లాచెదురుగా పడేది. సాయంత్రానికల్లా ఎండకు పెళుసుగా ఎండిపోయేది. లోపల తెల్లగా కదిలే ఈగపురుగుల్ని కోడిపిల్లలు ఒక్కటి మిగల్చకుండా ఏరుకు తినేవి. అందుకే ఆ పాకలో ఈగ కనిపించడం అరుదు. ఎందుకు అరుదో అక్కడ ఎవరూ అడగలేదు. సుఖంగా ఉన్నవాళ్ళు ఎందుకని అడుగుతారా?

సింగారికి మాత్రం ఆ కోడిని చూస్తే ఒళ్ళు మంట.

"ఏమే పెట్టా, ఆ కాళ్ళతో నా పాకలోకి వస్తావా? ఆ పేడ కంపుకి కడుపులో దేవుతోంది" అంది ఒకరోజు.

"ఆ పేడ ఎవరిదక్కా? నేను వేశానా?" అంది చుక్కల పెట్ట.

"నోరు చూడు దీనికి."

"నా నోటి సంగతి తర్వాత. నీ మూతి సంగతి చూసుకో. రోజూ తొట్టిని కుమ్మి కుడితి ఒలకబోస్తావు. తొట్టి చుట్టూ గడ్డి కుళ్ళి బురదైంది. ఆ బురదని కెలకడానికి నా కాళ్ళు కూడా చాలడం లేదు. ఇలాగే ఉంటే ఈగలు పుట్టేది నీ మూతి కిందే."

ఆ మాటలు ఒక పచ్చ ఈగ విన్నది. అడవిలో చచ్చిన కుందేలు మీద విందు ముగించుకుని అప్పుడే వచ్చి సింగారి కొమ్ము మీద వాలింది.

"అమ్మగారూ, ఎంత కమ్మని పాల వాసనండీ. గొప్పవాళ్ళ ఇల్లు కాబట్టే మాలాంటివాళ్ళం వెతుక్కుంటూ వస్తాం. ఆ కోడి మాటకేం గానీ, ముందు దాని కాళ్ళు చూడండి" అంది, తన కాళ్ళు రుద్దుకుంటూ.

సింగారి చూసింది. నిజమే, కోడి కాళ్ళకు పేడ ఉంది. తన కాళ్ళెలా ఉన్నాయో మాత్రం చూసుకోలేదు.

మర్నాడు తౌడమ్మ పాలు పితకడానికి కూర్చుంది. కోడి పక్కనుంచి పోగానే సింగారి కాలు విసిరి, పాలు వదలకుండా ఎగచేపింది. గిన్నెలో చుక్క పడలేదు. మూడు రోజులు అదే తంతు. "కోడిని చూసి బెదురుతోంది కాబోలు" అనుకుంది తౌడమ్మ. చుక్కల పెట్టనీ పిల్లల్నీ పట్టుకెళ్ళి దొడ్డి చివర తడికల గూట్లో వేసి తలుపు కట్టేసింది.

చుక్కల పెట్ట తడిక సందులోంచి మేకపోతును పిలిచింది. "మామా, నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావుగా. ఆ కుప్పని శుభ్రం చేసేదెవరో ఒక్క మాట చెప్పు."

మేకపోతు నములుతూనే ఉంది. "పెద్దవాళ్ళతో మనకెందుకమ్మా. నాలుగు రోజులు ఓర్చుకో" అంది.

చుక్కల పెట్టకు కడుపు రగిలిపోయింది. పేడ వేసినవాళ్ళు శుభ్రమట. ఎత్తినవాళ్ళు మురికట. ఈ తీర్పు ఎవరిచ్చారు? తనంటే సరే, గుడ్డులోంచి వచ్చి నెల తిరగని పిల్లలు ఏం చేశాయని ఈ చెర?

ఇక పెంటకుప్పను కెలికేవాళ్ళు లేరు. తౌడమ్మ రోజూ పేడ తెచ్చి పోసి, పారతో నున్నగా గుండ్రంగా మెత్తేది. "ఇప్పుడు చూడు, ఎంత చక్కగా ఉందో" అని సింగారి మురిసిపోయింది. ఆ నున్నదనం లోపల తడి ఆరలేదు. తడిలో గుడ్లు, గుడ్లలోంచి పురుగులు. రెండు వారాలు తిరక్కముందే వాటికి రెక్కలొచ్చాయి. పాక నిండా ఈగలు మబ్బులా లేచాయి.

సింగారి తోక విసిరింది. తోక ఎంత పొడుగైనా దూడ మెడదాకా అందలేదు. తౌడమ్మ వేపాకు పొగ వేసింది. పొగ ఉన్నంతసేపూ ఈగలు బయట కూర్చున్నాయి, పోగానే లోపలికొచ్చాయి. బంక అట్ట తెచ్చి వేలాడదీసింది. దానికి నాలుగు ఈగలూ మేకపోతు గడ్డమూ అంటుకున్నాయి.

దూడ మెడ మీద పలుపు ఒరుసుకుని చిన్న పుండు పడింది. పచ్చ ఈగ వచ్చి దాని మీద వాలింది.

"లే అక్కణ్ణుంచి. అది నా బిడ్డ" అంది సింగారి.

"తెలుసండీ. మీ బిడ్డ కాబట్టే చనువు తీసుకున్నాను. మా పిల్లలకి కాస్త చోటు చాలు" అంది ఈగ.

మర్నాటికి పుండులో పురుగులు పడ్డాయి. దూడ పాలు తాగడం మానేసింది. తౌడమ్మ పురుగుల్ని ఏరి వేపనూనె రాసేది. మళ్ళీ ఈగలు ముసిరేవి, మళ్ళీ పడేవి. "ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఇది దక్కదు" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

సింగారి గూటివైపు తిరిగి పిలిచింది. "పెట్టా."

"ఎవరూ? పేడ కంపు పడనివాళ్ళా?"

"నా బిడ్డ చచ్చిపోతోందే. నాదే తప్పు."

 చుక్కల పెట్ట రెక్కల కింద తొమ్మిది పిల్లలు కదిలాయి. వాటిని చూసుకుని నోరు విప్పింది.

"ఆ తప్పు నాకు చెప్పి లాభమేంటి? ఎలా లోపల పెట్టించావో అలాగే బయటికి తీయించు. ఇంకో మాట. నేను వచ్చేది నీకోసం కాదు. దూడ నన్ను ఏమీ అనలేదు."

మర్నాడు సింగారి మళ్ళీ పాలు ఎగచేపింది. ఈసారి గూటివైపే చూస్తూ అరిచింది. తౌడమ్మ గూటిని చూసింది, ముసిరిన ఈగల్ని చూసింది, నున్నని కుప్పను చూసింది. "కోడిని మూసిన దగ్గర్నుంచే కదూ ఇదంతా" అని చెంపలు వేసుకుని తలుపు విప్పింది.

చుక్కల పెట్ట పిల్లల్ని వెంటేసుకుని కుప్ప ఎక్కింది. ఆ చక్కదనాన్ని సాయంత్రానికల్లా చీల్చి చెండాడింది. తౌడమ్మ తొట్టిని రాళ్ళ మీదికెత్తి, కుళ్ళిన గడ్డి తీసి ఎండలో పరిచి, బురద మీద బూడిద చల్లింది. సింగారి చుక్క ఒలక్కుండా కుడితి తాగడం నేర్చుకుంది. రోజురోజుకీ ఈగలు పలచబడ్డాయి. వేపనూనెకి పుండు మానింది. దూడ లేచి తల్లి పొదుగు కుమ్మింది.

"ఇలా అవుతుందని నేను అప్పుడే అనుకున్నాను" అంది మేకపోతు.

"అనుకుని నమిలి మింగేశావు మామా" అంది చుక్కల పెట్ట.

కొన్నాళ్ళకు పచ్చ ఈగ మళ్ళీ వచ్చి సింగారి కాలి మీద వాలింది. "అమ్మగారూ, ఆ కోడి కాళ్ళు చూశారా?"

సింగారి తల వంచి, మోకాళ్ళదాకా పేడ పట్టిన తన నాలుగు కాళ్ళనూ మొదటిసారి చూసుకుంది.

"ముందు నువ్వు ఎవరి కాళ్ళ మీద కూర్చున్నావో చూసుకో" అంది.

ఈగ చూసుకునేలోపే తొమ్మిదో కోడిపిల్ల దాన్ని గుటుక్కున మింగింది.

నీతి: మురికి చేసినవాళ్ళను వదిలేసి, ఆ మురికిని ఎత్తినవాళ్ళను వెలివేస్తే, పురుగు పడేది వెలివేసినవాళ్ళ ఇంట్లోనే.