చారల చట్టం

ఆ వేసవిలో కొండవాగు ఎండిపోయి రెండే మడుగులు మిగిలాయి. పైదాంట్లో తేట నీళ్ళు, కిందిదాంట్లో బురద నీళ్ళు. పులిరాజు దగ్గర మంత్రిగా ఉన్న నక్కకు ఇంతకన్నా మంచి అదను ఏం కావాలి? రాజుగారి మెప్పు కోసం చట్టం చేసి, చాటింపు వేయించింది.

“ఒంటి మీద చారలున్నవాళ్ళది పై మడుగు! లేనివాళ్ళది కింది మడుగు!”

ఇక చూడాలి తమాషా! ఉడుత పై మడుగులో జలకాలాడుతుంటే, ఏనుగు కింద బురద పీల్చుకుంటోంది.

ఎండలు ముదిరి కింది మడుగులో ఆ నీళ్ళూ ఇంకిపోయాయి. అడవిపంది గంగులమ్మ పిల్లల్ని వెంటేసుకుని పై మడుగుకు పరుగెత్తుకొచ్చింది. చిన్నపిల్లల ఒంటి నిండా చారలే. పెద్దదానికి ఈమధ్యే చెరిగిపోయాయి. పాపం, అది దాహంతో నిలబడలేకపోతోంది.

“చారలున్నవి లోపలికి పొండి. నువ్వూ, ఆ పెద్దదీ ఆగండి,” అంది నక్క.

“అదేంటి మంత్రిగారూ! అందరూ ఒక్క కడుపున పుట్టినవాళ్ళేగా? మా పందులన్నీ చారలతోనే పుడతాయి. నాకూ ఉండేవి!”

“ఉండేవి కాదమ్మా, ఉన్నాయా? ఇప్పుడు కంటికి కనిపించేదే లెక్క!”

“ఖాయమేనా?”

“ఖాయం! రాజుగారికైనా ఇదే చట్టం!” నక్క రొమ్ము విరిచింది.

గంగులమ్మ ప్రాణాలకు తెగించి పులి గుహకు పోయింది. పులి ఎండకు రొప్పుతోంది.

“ఏలినవారు కింది మడుగు బురదలో కాసేపు పొర్లితే ఒళ్ళు చల్లబడుతుంది. మేం చేసేదదే,” అంది దూరం నుంచే.

పులి వెళ్ళి హాయిగా పొర్లింది. లేచేసరికి ముక్కు నుంచి తోక దాకా బురదే! దాహమేసి పై మడుగుకు వచ్చింది. వెనకే అడవంతా వచ్చింది.

“దయచేయండి ప్రభూ!” అని నక్క వంగింది.

“ఆగండాగండి!” గంగులమ్మ అరిచింది. “చారలేవీ?”

“బురద కింద ఉన్నాయి! పుట్టుకతో వచ్చినవి ఎక్కడికి పోతాయి?” అంది నక్క.

“మావీ పుట్టుకతో వచ్చినవే!”

నక్క నాలుక కరుచుకుంది. “కాదు కాదు... కనిపించేదే లెక్క...”

“అయితే నేను తాగకూడదంటావా?” పులి గర్జించింది.

ఔనంటే పులి చంపేస్తుంది. కాదంటే చట్టం చస్తుంది.

అంతలో ఉడుత కొమ్మ మీంచి కిచకిచలాడింది. “మంత్రిగారూ, ఇన్నాళ్ళూ మీరూ పై మడుగులోనే తాగారుగా. మీ చారలేవండీ?”

అడవి ఘొల్లుమంది! పులి పంజాతో ఒక్కటిచ్చుకుంది. నక్క ఎగిరి కింది బురదలో పడింది. ఆ గోలలో గంగులమ్మ పెద్దపిల్ల అందరికన్నా ముందు నీళ్ళలో మూతి పెట్టింది. అది గటగటా తాగుతుంటే తల్లికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నీతి: ఒంటి మీది గుర్తు చూసి హక్కులు పంచే చట్టం, చేసినవాడి అవసరాన్ని బట్టి మాట మారుస్తుంది.