నానని ఉలవలు, నిలువునా కునుకు

ఒకప్పుడు గుర్రం నిద్ర చూసి తీరాల్సిందే. వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి చాపి గుర్రుపెట్టేది. కాకులు ఆ గిట్టలమీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవి.

ఆ గుర్రం జట్కా తోలే సైదమ్మది. పిల్లగా ఉన్నప్పుడే దాని తల్లి పోతే, సైదమ్మే ఇంట్లో ఉన్న మేక పాలు పట్టి పెంచింది. ఆమెకు అదే కూతురు. రోజూ ఉలవలు నానబెట్టి, ఉడకబెట్టి, చల్లార్చి మరీ పెట్టేది. గుర్రానికి మాత్రం అంత ఓపిక లేదు.

"నానాలంట, ఉడకాలంట, చల్లారాలంట. ఈలోపు నేను ఎండిపోవాలంట" అని సణిగేది.

ఒకరోజు పొద్దున సైదమ్మ గడ్డి కోసుకురావడానికి వెళ్ళింది. గుర్రం మూతితో ఉలవల బస్తా విప్పింది. కరకరా నమిలింది. బస్తా అడుగు కూడా నాకింది. దాహమేసి తొట్టెడు నీళ్ళూ తాగేసింది.

ఇక చూడాలి తమాషా. కడుపులో ఉలవలు ఒళ్ళు విరుచుకున్నాయి.

"కాస్త జరుగు" అంది ఒకటి.

"నువ్వే జరుగు. నేను లావెక్కుతున్నాను" అంది ఇంకొకటి.

"అందరం లావెక్కుతున్నాం. గోడలు నెట్టండి" అన్నాయి అన్నీ కలిసి.

నెట్టాయి. పొట్ట ఇటు ఉబ్బింది, అటు ఉబ్బింది, డప్పులా బిగుసుకుంది. గుర్రం నొప్పితో మెలికలు తిరిగిపోయింది. నేలమీద పడి పొర్లుదామని మోకాళ్ళు వంచింది.

సరిగ్గా అప్పుడే సైదమ్మ వచ్చింది. ఖాళీ బస్తా చూసింది, పొట్ట చూసింది. గడ్డిమోపు అక్కడే పడేసింది.

"పడుకోమాకే తల్లీ. పొర్లావంటే పేగు మెలిపడిద్ది. ఇక నువ్వు నాకు దక్కవు. లెగు, నడువు" అంది. గుర్రానికి మొదటిసారి భయం వేసింది.

ముందు సైదమ్మ కళ్ళెం పట్టి లాగింది. వెనకనుంచి మేక కొమ్ములతో నెట్టింది. కాకులు తోక పట్టుకుని పైకెత్తాయి. గాలి పొట్టకింద దూరి, "అబ్బ, ఎంత బరువున్నావే" అంటూ మోసింది. ఏదో పెళ్ళి ఊరేగింపనుకుని వీధికుక్కలు కూడా వెంటపడ్డాయి.

ఎండ ముదిరింది. గుర్రానికి కళ్ళు మూతలు పడుతున్నాయి.

"కాసేపు వాలతానమ్మా."

"వద్దే బంగారం. నా మాట విను."

కాళ్ళు ఈ మాటలు విన్నాయి. వాటికి జాలేసింది.

"ఇది పడిపోతే సైదమ్మ తట్టుకోలేదు" అంది ముందుకాలు. "మోకాళ్ళు బిగించండి. వెనక వాళ్ళిద్దరూ వంతులేసుకోండి. ఒకరు సేదతీరితే మిగిలిన ముగ్గురం మోద్దాం."

కాళ్ళు టక్కుమని బిగుసుకున్నాయి. గుర్రం నడివీధిలో నిలబడే నిద్రపోయింది. పడలేదు, పొర్లలేదు.

కాసేపటికి నిద్రలోనే తోకెత్తింది. భడభడభడమని ఒక చప్పుడు. మేక రెండు వీధులు దాటి పారిపోయింది. కాకులు చెట్లెక్కాయి. గాలి అయితే ముక్కు మూసుకుని పక్క ఊరికే వెళ్ళిపోయింది.

సైదమ్మ ఒక్కతే కదల్లేదు. దిగిపోయిన పొట్ట నిమిరి, దాని మెడ కావిలించుకుని, నవ్వుతూ ఏడ్చింది.

అప్పటినుంచే గుర్రం నిలబడి నిద్రపోతోంది. ఎప్పుడైనా కాసేపు నేలమీద వాలినా, కునుకంతా కాళ్ళమీదే తీస్తుంది. అప్పుడు దాని వెనక కాళ్ళు చూడండి. ఒకటి వంగి, గిట్ట కొస మాత్రమే నేలకు ఆని ఉంటుంది. ఆ కాలు సేదతీరుతుంటే, మిగతా మూడూ సైదమ్మ కూతుర్ని మోస్తున్నాయన్నమాట.