తోడమ్మ పక్కన ఖాళీ చోటు

ముల్లోకాలలోనూ ఇంతటి మహిమగల క్షేత్రం మరొకటి లేదనీ, దీని ప్రాశస్త్యాన్ని వర్ణించడానికి ఆదిశేషుని వేయి నాలుకలూ చాలవనీ మొదటనే మనవి చేసుకుంటున్నాను. అష్టాదశ పురాణాలలో దీని ఊసు ఎక్కడా కనబడకపోవడానికి మాత్రం ఒక చిన్న కారణం ఉంది: క్షేత్రం వెలసి ఇంకా ఆరేళ్ళు నిండలేదు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. తూర్పున సిగ్నలు, పడమట మందుల దుకాణం, ఉత్తరాన బస్టాపు, దక్షిణాన నేను ఉద్యోగం చేసే అద్దాల మేడ ఈ క్షేత్రానికి నాలుగు ద్వారాలు. అయినా భాగ్యనగరంలో ఆ వైపు ఆటో ఎక్కి "తోడమ్మ చౌరస్తా" అంటే చాలు, డ్రైవరు రెండో మాట అడగడు.

పూర్వం, అనగా ఆరేళ్ళ కిందట, ఆ చౌరస్తా నడుమ త్రికోణాకారంగా మిగిలిపోయిన పచ్చిక నేలను శోభాయమానం చేయాలని నగరపాలకులు సంకల్పించి, ఒక యువశిల్పిని పిలిపించారు. ఆమె పాత ఇనుప సామాను కొట్లన్నీ తిరిగి విరిగిన సైకిళ్ళు పోగుచేసి, గొలుసులతో జడ అల్లి, పళ్ళచక్రాలతో చెవిదుద్దులు తీర్చి, మడ్‌గార్డు రేకులతో చీర కుచ్చిళ్ళు మలిచి, బల్లకు ఒక చివర కూర్చుని పక్కవారి భుజం మీద చెయ్యి వేస్తున్న స్త్రీమూర్తిని సృష్టించింది. పక్కవారు మాత్రం లేరు. ఇద్దరు స్నేహితురాళ్ళను చేయాలన్నదే ఆమె సంకల్పమట. ఒకామె పూర్తయ్యేసరికి ఇనుము అయిపోయిందట. అలా ఆ తల్లి చాచిన చెయ్యి చాచినట్లే శూన్యం మీద నిలిచిపోయింది.

ఆ మూర్తి చుట్టూ ఏడు చెట్లున్నాయి. నర్సరీవారు వాటిని టబెబుయా అంటారు. ఆ పేరుకు నోరు తిరగని ఈరమ్మ, అంటే ఆ పచ్చికకు నీళ్ళు పెట్టి చెత్త ఊడ్చే పెద్దావిడ, గులాబి చెట్లు అంటుంది. ఏడాదిలో పదకొండు నెలలు వాటిని తలెత్తి చూసే పుణ్యాత్ముడు ఒక్కడూ ఉండడు. ఫాల్గుణం రాగానే ఆకులన్నీ రాల్చుకుని, కొమ్మ కొమ్మకూ లేత గులాబీ రంగు పూలగుత్తులు తొడుక్కుని, ఆకాశానికే పెళ్ళికళ తెచ్చే ఆ పది రోజులూ మాత్రం నగరమంతా అక్కడికి తరలివస్తుంది. ప్రేమికులు జంటలుగా వస్తారు, కుటుంబాలు మూడు తరాలతో వస్తాయి, ఆఫీసుల వాళ్ళు గుంపులుగా వస్తారు. ఒంటరిగా వచ్చేవాడు ఒక్కడే ఉండేవాడు.

అతడు ఏకాంబరమనే భక్తుడు. సముద్రతీరపు పల్లె నుంచి వచ్చి, మందుల దుకాణం వెనకసందులోని కొరియర్ గోదాములో పార్సిళ్ళ మీది చిరునామాలు సరిచూసే కొలువులో ఉండేవాడు. రోజుకు రెండు వేల పేర్లు చదివేవాడు, అతని పేరు చదివేవారు ఎవరూ లేరు. మధ్యాహ్నం భోజన విరామంలో పూలు చూడటానికి వచ్చి నిలబడేవాడు. గుంపులో ఒంటరిగా, చేతులు ఖాళీగా ఉన్నవాడు నగరవాసులకు వరప్రసాదం కదా. "అన్నా, ఒక్క ఫొటో తీస్తవా?" అని ఫోను చేతిలో పెట్టేవారు. అతడు వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, పూలన్నీ పడేటట్లు శ్రద్ధగా తీసేవాడు. వాళ్ళు ఫోను తీసుకుని వెళ్ళిపోయేవారు. ఆ పది రోజులలో కొన్ని వందల ఫోనులలోకి అతని చూపు చేరింది. ముఖం ఒక్కదానిలోకీ చేరలేదు.

అతనికి పావని అనే చెల్లెలు ఉండేది. ఎక్కడో గోదావరి అవతల అత్తవారింట ఎనిమిదో నెల గర్భంతో ఉంది. ఆమె దిగులుపడకూడదని ఏకాంబరం తనకు నగరంలో బోలెడుమంది స్నేహితులున్నారని చెప్పుకొచ్చాడు. రఘునందన్, స్టెల్లా, ఇమ్రాన్, ఇంకా ఎందరో. అవన్నీ పార్సిళ్ళ మీద ఏరుకున్న పేర్లే. ఆ ఏడు అతడు పూల ఫొటోలు పంపితే, పావని ఫోను చేసి నిలదీసింది.

"అన్నీ చెట్లే పంపుతున్నావు, చెట్టు కింద నువ్వేవి? సెల్ఫీ అంటే ఊరుకోను. అంతమంది స్నేహితులుండి నీకో ఫొటో తీసేవాళ్ళే లేరా అన్నయ్యా? పూలు రాలేలోగా ఎవరైనా తీసినది ఒకటి పంపు. లేదా నేనే బస్సెక్కి వస్తాను, నువ్వెలా ఉన్నావో చూసిగానీ వెళ్ళను."

పావని పట్టుదల ఏకాంబరానికి తెలుసు. ఎనిమిదో నెలలో పన్నెండు గంటల బస్సు ప్రయాణమంటే మాటలా? ఆ రోజు నుంచి అతడు ఎవరి ఫోను తిరిగి ఇచ్చినా "నాది కూడా ఒక్కటి" అందామని నోరు తెరిచేవాడు. ఆ రెండు మాటలూ పెదవులు దాటేలోగా వాళ్ళు థాంక్యూ చెప్పి నడిచిపోయేవారు. వాళ్ళ మీద ఎవరికీ కోపం రానక్కరలేదు, పూలు అందరికీ పది రోజులే.

తొమ్మిదో రోజున అతడు సాయంత్రం కూడా వచ్చాడు. పొద్దు వాలుతుండగా ఎదుటి అద్దాల మేడలోంచి నలుగురు ఉద్యోగులు దిగివచ్చారు. వారిలో ఒక వాచాలుడు ఏకాంబరం చేత ఏడు ఫొటోలు తీయించాడు. "ఇంకొక్కటన్నా, మీ నీడ మా కాళ్ళ మీద పడుతోంది. మా బ్యాచ్‌లో చేరిపోదామనే?" అని వేళాకోళమాడాడు. ఏకాంబరం ఎటు జరిగినా నీడ కూడా అతనితోనే వచ్చింది. "సరే పోనీలే, ఫొటోలో నీడని కోసి పారేస్తాను!" అని వాడనగానే నలుగురూ నవ్వారు. ఏకాంబరం కూడా నవ్వి, ఆ నవ్వు ఆరకముందే ధైర్యం చేసి, "అన్నా, నాది కూడా..." అన్నాడు. అంతలో సిగ్నలు పడింది. వాళ్ళు రోడ్డు దాటేశారు.

పదో రోజుకు కొమ్మలన్నీ బోసిపోయాయి. జనం రాలేదు. ఈరమ్మ రాలిన పూలన్నీ ఊడ్చి, ఇనుపతల్లి పాదాల ముందు నడుమెత్తు కుప్ప పోసింది. ఏకాంబరం వచ్చి, అంతకాలమూ ఎవరికీ అడ్డు రాకూడదని ఎన్నడూ కూర్చోని ఆ బల్ల మీద, ఖాళీ చోటులో, కూలబడ్డాడు. ఇనుప చెయ్యి సరిగ్గా అతని భుజం మీదికి వచ్చింది.

"ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అని ఈరమ్మ చీపురాపి అడిగింది.

అతడు దాచుకోకుండా అంతా చెప్పాడు. ఫోను ఆమె చేతికిచ్చి, "నువ్వు తీస్తావా అమ్మా?" అన్నాడు.

"నాకేమెర్క కొడుకా! చీపురైతే పట్టుకుంట. గిది పట్టుకుంటే చేతులు వణుకుతయ్."

"ఈ గుండ్రటిది నొక్కడమేనమ్మా."

"ఎంతసేపు ఒత్తాలె?"

"నేను నవ్వేదాకా" అన్నాడు ఏకాంబరం.

ఆ మాటను ఈరమ్మ వేదవాక్యంగా తీసుకుంది. బొటనవేలు ఆనించి, ఊపిరి బిగబట్టి, అదేపనిగా ఒత్తింది. ఫోను టకటకమంటూ ఫొటోల మీద ఫొటోలు తీసుకుపోతోంది. ఏకాంబరానికి మాత్రం నవ్వు రాలేదు. "నవ్వవేందిరా? వేలు గుంజుతున్నది! పండ్లు గిట్ట ఇంట్ల మర్సొచ్చినవా?" అని ఈరమ్మ గద్దించిన ఆ క్షణంలోనే మహిమ జరిగింది. పాదాల ముందరి పూలకుప్ప ఒక్కపెట్టున పైకి లేచి, గాలిలో సుడి తిరిగి, బోసికొమ్మల దాకా ఎగసి, ఏడు చెట్లూ మళ్ళీ పూసినట్లు నిలిచి, అతని తల మీద, ఇనుపతల్లి ఒడిలో కుండపోతగా రాలింది. అదే సమయానికి పక్కనుంచి సిటీ బస్సు ఒకటి విసురుగా పోయిందని హేతువాదులు అంటారు. బస్సును నేనూ కాదనను. రోజూ పోయే బస్సే అది. పూలు లేచింది మాత్రం ఆ ఒక్కనాడే.

అరవై మూడు ఫొటోలలో అరవై దాకా ఏకాంబరం దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా ఉన్నాడు. చివరి మూడింటిలో గులాబీ వానలో తడుస్తూ, పక్కనున్నావిడ భుజం మీద చెయ్యి వేయగా, కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. పంపిన నిమిషానికే పావని నుంచి జవాబు వచ్చింది: "ఎవరు తీశారన్నయ్యా?"

అతడు రఘునందన్ అని రాయబోయి ఆగాడు. "మా చెల్లెలు అడుగుతోంది. నువ్వు నాకేమవుతావని చెప్పనమ్మా?" అన్నాడు.

ఈరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఇనుపమూర్తి వైపు గడ్డమెత్తి చూపించి, "ఆమె, నేను, ఇద్దరం తోడున్నమని రాయి. ఆ పిల్లను బస్సెక్కొద్దని చెప్పు" అంది.

పావని బస్సెక్కలేదు. ఆ ఎండాకాలంలోనే ఏకాంబరానికి వేరే ఊరు బదిలీ అయింది. వెళ్ళేముందు ఇనుపతల్లి నుదుట ఎర్రరంగు బొట్టు పెట్టి, ఈరమ్మకు దండం పెట్టి వెళ్ళాడట. ఆ తల్లికి తోడమ్మ అనే పేరు అప్పుడే స్థిరపడింది. నేటికీ ఫాల్గుణ మాసపు ఆ పది రోజులూ ఈరమ్మ చీపురు దండంలా పట్టుకుని అక్కడ నిలబడి ఉంటుంది. ఎవరైనా ఇంకొకరిచేత ఫొటో తీయించుకుని కదలబోతే, "ఆగుర్రి! తీసినోల్లకు తియ్యకుంట యాడికి పోతుర్రు?" అని దారికి అడ్డం పడుతుంది. ఈ క్షేత్రంలో మొక్కు అంటే అదొక్కటే. మూర్తి ఒళ్ళంతా తుప్పు రంగు. ఎందరి భుజాలో ఒరుసుకున్న అరచెయ్యి మాత్రం వెండిలా మెరవడం మీరు వెళ్ళి చూడవచ్చు.

ఇంతదూరం వచ్చిన భక్తుల దగ్గర దాచడం బాగుండదు. నీడని కోస్తానన్న ఆ వాచాలుణ్ణి నేనే. కోసేశాను కూడా. నీడతోపాటు మా నలుగురి కాళ్ళూ పోయాయి, ఆ ఫొటోలో మేము గాలిలో వేలాడుతుంటాం. తరవాత ఆ ముగ్గురూ ఉద్యోగాలు మారి తలా ఒక దిక్కుకు పోయారు. మరుసటి ఫాల్గుణంలో మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని నేనొక్కణ్ణే వెళ్ళి ఖాళీ చోటులో కూర్చుంటే, ఈరమ్మ ఈ కథంతా చెప్పింది. ఆయన పేరేమిటని అడిగాను. "బిడ్డా అంటే పలికేటోడు. పేరు నేనడగలే" అంది. ఏకాంబరమన్నది పురాణానికి గంభీరంగా ఉంటుందని నేను పెట్టిన పేరు. ఏడుసార్లు "ఇంకొక్కటన్నా" అన్నాను గానీ, ఒక్కసారి కూడా "నీ పేరేంటన్నా" అనలేదు.