పెద్దబడి, చిన్నబడి

గోదావరి లంకలు మునిగిన ఆ వారం, దమయంతి రాసిన ప్రోగ్రాం మీదే జనం ఆశలు పెట్టుకున్నారు. పడవల్లో తలో దిక్కుకీ చేర్చిన మనుషుల పేర్లను అన్ని శిబిరాలవాళ్లూ ఇంగ్లీషు అక్షరాల్లో కంప్యూటర్‌కి ఎక్కిస్తున్నారు. అయినవాళ్లను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు పేరు చెబితే, ఈ గట్టు శిబిరంలో కూర్చున్న దమయంతి టైపు చేస్తుంది. ఆ పేరు ఉంటే, ఏ శిబిరమో తెర మీద కనబడుతుంది.

సూరమ్మ కూతురి పేరు కనబడలేదు.

"ఇంకోసారి చూడమ్మా. నూకరత్నం. పడవ ఎక్కించడం నా కళ్లతో చూశాను."

దమయంతి మళ్లీ కొట్టింది. మళ్లీ అదే జవాబు: లేరు.

సూరమ్మ ఏడవలేదు. గోడకి జారగిలబడి తెర వంకే చూస్తూ కూర్చుంది. పడవ ఎక్కిన మనిషి ఏమైనట్టు, అనుకుంది దమయంతి.

ఆమెకు ఈ విద్య నేర్పిన కాసిం మాస్టారు మధ్యాహ్నం వచ్చారు.

"ప్రోగ్రాంలో తప్పు లేదు మాస్టారూ. అక్షరం అక్షరం పోల్చి చూస్తోంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకోదు," అంది దమయంతి.

మాస్టారు తెర వైపు చూడనేలేదు. వెళ్లి సూరమ్మ ముందు గొంతుక్కూర్చున్నారు.

"మీ అమ్మాయి పక్కనే ఉంటే ఎలా పిలుస్తావమ్మా?"

"నూకరత్నం," అంది సూరమ్మ, నిద్రపోయేదాన్ని లేపుతున్నంత మెల్లగా.

"ఏటికి అవతల ఉంటే?"

సూరమ్మ లేచి నిలబడి, అదే పేరుతో కేక పెట్టింది. శిబిరమంతా ఇటు తిరిగింది.

"రెండు పిలుపులకీ పలికేది ఒక్క పిల్లేనా?"

"ఒక్కత్తేగా బాబూ."

మాస్టారు దమయంతి వైపు చూశారు.

దమయంతి తెర మీద తను కొట్టిన పేరు వంక చూసింది. తను చిన్నబడి అక్షరాల్లో, అంటే ఇంగ్లీషు స్మాల్ లెటర్లలో, కొడుతోంది. ఇంకో శిబిరంలో ఎవరైనా పెద్దబడిలో, కాపిటల్ లెటర్లలో, కొట్టి ఉంటే, యంత్రానికి ఆ మనిషి వేరు, ఈ మనిషి వేరు.

గబగబా, అందరూ ఎక్కించిన పేర్లన్నిటినీ చిన్నబడిలోకి మార్చెయ్యబోయింది.

"ఎవరి పేరూ ముట్టుకోకు," అన్నారు మాస్టారు. "వాళ్లు రాసినట్టే ఉండనీ. పోల్చేచోట చూసుకో."

ఆమె ప్రోగ్రాంలో ఒక్క వాక్యం మార్చింది. అడిగిన పేరునీ, ఉన్న పేరునీ, రెండింటినీ లోలోపల చిన్నబడి చేసుకుని అప్పుడు పోల్చమంది. మళ్లీ కొట్టింది.

తెర మీద పెద్దబడి అక్షరాల్లో నూకరత్నం. ఊరు కలిసింది. తల్లి పేరు కలిసింది. అవతలి గట్టున హైస్కూలు శిబిరం.

సూరమ్మ దమయంతి చేతులు కళ్లకద్దుకుని, చెంగు దులుపుకుంటూ పడవల రేవు వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

దమయంతి నవ్వబోయింది. నవ్వు రాలేదు. పొద్దున్నుంచి ఎంతమందికి లేరని చెప్పింది? ఇక గట్టు వెంట నీళ్లలో వెతుక్కుంటామంటూ వెళ్లారు వాళ్లు.

తలెత్తేసరికి మాస్టారు గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నారు.

"నడు. ఇంకా ఎంతో దూరం వెళ్లి ఉండరు."