తెలకపిండి ముక్క, తొమ్మిది రాళ్ళు

రైతు ట్రాక్టర్ కొన్నాడు. దాన్ని నిలపడానికి కొట్టంలో సగం ఖాళీ చేయించాడు. మిగిలిన సగంలో పుల్లెద్దు ఉంది, పదకొండేళ్ళు ఆ పొలం దున్నిన ఎద్దు. అమావాస్య లోపల ఎక్కడైనా పని కుదిరితే సరే, లేదంటే సంతకు తోలేస్తానని రైతు భార్యతో అనడం అది చెవులారా విన్నది. అమావాస్య ఇంకా పదిహేను రోజులుంది. సంతకు వెళ్ళిన ముసలెద్దులు ఎటు పోతాయో కొట్టంలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

అడగందే అమ్మయినా పెట్టదనుకుని పుల్లెద్దు మర్నాడే బయలుదేరింది. ఇటుకల బట్టీలో గాడిద, "ఆరు రోజులాగి కనపడు" అంది. బళ్ళ అడ్డాలో గుర్రం, "పదో రోజున రా, చూద్దాం" అంది. గానుగ దగ్గర పెత్తనం ఒక ముసలి గేదెది. అది ఎద్దును ఎగాదిగా చూసింది.

"దుక్కిటెద్దువి. నీకు సాలు తెలుసు, చుట్టు తెలీదు. ఇక్కడ కళ్ళకు గంతలు కట్టుకుని గుండ్రంగా తిరగాలి."

"నేర్చుకుంటాను పెద్దమ్మా."

"తొమ్మిదో నాడు నువ్వులు దిగుతాయి. ఆ పొద్దున రా. ముందొస్తే నాకు తీరదు, తర్వాతొస్తే కాడి కింద ఇంకొకరుంటారు."

వస్తూ వస్తూ ఎద్దు ఒక్కో చోటి నుంచి ఒక్కో ముక్క నోట కరుచుకొచ్చింది. బట్టీ నుంచి ఇటుక పెచ్చు, అడ్డా నుంచి తాడు ముక్క, గానుగ నుంచి తెలకపిండి. మూడూ కొట్టం మూల పెట్టి, వాటి ముందు ఆరు, పది, తొమ్మిది చొప్పున గులకరాళ్ళు వరసగా పేర్చింది. ఆ సాయంత్రం నుంచే వెనక దొడ్లో తాటి మోడు చుట్టూ కళ్ళు మూసుకుని తిరగడం మొదలుపెట్టింది. మొదటి రోజు రెండుసార్లు కంచెకు గుద్దుకుంది.

మూడో రోజు నక్క వచ్చింది. చెరుకు తోటలు నరికేశాక దానికీ నిలవ నీడ లేదు.

"ఏంటి మామా, ఈ వయసులో అచ్చనగాయలా?"

"ముక్కను చూస్తే చోటు గుర్తొస్తుంది. రాళ్ళను చూస్తే రోజు. పొద్దున్నే ఒక్కో రాయి తీసేస్తా. వరస అయిపోయిన రోజు వెళ్తా."

"ఆ తెలకపిండి తినేసి గుర్తుంచుకోవచ్చుగా?"

"తింటే మర్చిపోతాను అల్లుడూ. నా సంగతి నాకు తెలుసు."

"నేనూ పని వెతుకుతున్నా. ఎక్కడ ఏది తోస్తే అది చెప్తా. ఈ రాళ్ళూ రప్పలూ నాకెందుకు?"

"కుదిరిందా మరి?"

నక్క వినపడనట్టు తోక దులుపుకుంది. దాని కన్ను తెలకపిండి ముందున్న రాళ్ళ మీద ఉంది. గానుగ ఆవరణలో నలభై కోళ్ళున్న గూడు ఒకటుంది. ఊళ్ళో అచ్చోసిన ఆంబోతుతో నక్క అప్పటికే మాట్లాడింది: గానుగలో పని ఇప్పిస్తాను, కడుపు నిండా తెలకపిండి తిను, పొద్దుగూకాక గూటి గడియ కొమ్ముతో ఎత్తు, చాలు. అడ్డం పుల్లెద్దు ఒక్కటే.

అయిదో రోజు సాయంత్రం ఎద్దు తాటి మోడు దగ్గరుండగా, నక్క కొట్టంలో దూరి తెలకపిండి వరసలో రెండు రాళ్ళు కలిపింది.

ఆరో రోజు పొద్దున ఎద్దు వరస ముందు చాలాసేపు నిలబడింది. నిన్న ఒకటి తీశాక నాలుగు మిగిలాయి. ఇవాళ ఆరున్నాయి. రాళ్ళు ఈనవు. ఎవరి పనో తెలిసింది. ఎప్పట్లాగే ఒక్క రాయి తీసి, అయిదూ అలాగే ఉంచింది. రోజూ చూసే కంటికి అసలు లెక్క మూడేనని తెలుసు.

ఆ రోజే బట్టీకి వెళ్ళింది. "వానలొస్తున్నాయన్నా, బట్టీ మూసేస్తున్నాం. వచ్చే ఏడు చూద్దాం" అంది గాడిద. తిరిగొచ్చే దారి ఎద్దుకు చాలా పొడుగనిపించింది. ఆ సాయంత్రం దానికి మోడు దగ్గరికి పోబుద్ధి కాలేదు. కాసేపు కొట్టంలోనే నిలబడింది. తర్వాత వెళ్ళి, రోజూ తిరిగినన్ని చుట్లూ తిరిగింది.

తొమ్మిదో నాటి పొద్దున గానుగ దగ్గర నక్క, ఆంబోతు ముందే ఉన్నాయి.

"పుల్లెద్దు రాదు అత్తా. వేరేచోట కుదిరింది. మావాడు గానుగ తిప్పడంలో ఆరేళ్ళ పనివాడు."

"మొన్న వచ్చి నాలుగేళ్ళన్నావు" అంది గేదె. "వారంలో రెండేళ్ళు పెరిగాయా?"

"అది... అప్పుడు చెప్పింది పక్కూరి లెక్క అత్తా."

"సరే, కట్టి చూద్దాం."

గంతలు కట్టగానే ఆంబోతు నేరుగా నడిచింది. కాడి విడిపించుకుని, రోలు దాటి, కోళ్ళగూటి మీద పడింది. నలభై కోళ్ళూ పైకప్పెక్కి అరిచాయి. గానుగ కుక్కలు లేచాయి. అప్పుడే గుమ్మంలో, నోట తెలకపిండి ముక్కతో పుల్లెద్దు కనిపించింది.

నక్క నోరు జారింది. "నీకింకా రెండు రోజులుండాలిగా?"

ఎద్దు ముక్కను జాగ్రత్తగా కింద పెట్టింది. "ఆ రెండు రాళ్ళూ నీవే అల్లుడూ. కొట్టంలో ఉన్నాయి, తెచ్చుకో."

నక్క వెనక్కి తిరిగే లోపు కుక్కలు వచ్చేశాయి. తోక వెంట్రుకలు సగం వాటి నోట్లో వదిలి అది పొలాల్లోకి పడింది.

ఎద్దు కాడి కింద నిలబడింది. గంతలు కట్టారు. మొదటి అడుగే చుట్టులో పడింది. తొమ్మిది సాయంత్రాలు అరిగిన కాళ్ళవి. గేదె పది చుట్లు చూసి, ఇక చూడటం మానేసి నువ్వుల బస్తాల వైపు వెళ్ళింది.

మధ్యాహ్నం ఎద్దు ఆ తెలకపిండి ముక్క తిన్నది. మర్నాడు పని వేళకు ముందే బళ్ళ అడ్డాకు వెళ్ళి, తన కోసం చూడొద్దని గుర్రానికి చెప్పి వచ్చింది. ఇటుక పెచ్చును మాత్రం పారేయలేదు. గానుగ గోడ వార పెట్టుకుంది.

పని వెతకడమూ ఒక పనే. రోజూ చేసినవాళ్ళకే అది కుదురుతుంది.